టెన్త్ పిల్లల్ని కూడా రోజూ గ్రౌండ్‌కి పంపడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం అమ్మానాన్నల కోసం

జూన్‌లో బడులు తెరిచారంటే మన వైపు చాలా ఇళ్ళలో ఒకటే మాట: "ఈ ఏడు టెన్త్, ఇంక ఆటలు కట్టు." మొన్నటిదాకా సాయంత్రం పూట ఒళ్ళంతా మట్టి చేసుకుని ఇంటికొచ్చిన గుంటడు ఉన్నట్టుండి తెల్లారి ట్యూషన్, పగలు బడి, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి మళ్ళీ పుస్తకం అన్నట్టు రోజంతా కూర్చునే ఉంటాడు. కూర్చున్న గంటలు పెరిగాయి కాబట్టి మార్కులూ పెరుగుతాయని పెద్దవాళ్ళ ధీమా. దసరా సెలవులు వచ్చేసరికి వాడికి మెడ నొప్పి, రాత్రి పడుకుంటే నిద్ర పట్టదు, పొద్దున లేపితే లేవడు, చిన్న మాటకే కసురుకుంటాడు. అప్పుడు కూడా మనం ఫోన్‌నే తిడతాం.

ఆటలు మంచివని ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, వద్దనేవాళ్ళు కూడా ఆ మాట ఒప్పుకుంటారు. చిక్కంతా రోజులో ఎక్కడ ఇరికించాలి, ఏం చేయించాలి, బడిలో ఎవర్ని అడగాలి అన్న దగ్గరే. సాయంత్రాలు హైస్కూల్ పిల్లలతో గ్రౌండ్‌లో నిలబడే మనిషిని కాబట్టి ఆ సంగతులు వరసగా రాస్తున్నాను. అమ్మానాన్నలకని రాస్తున్నా, పిల్లలు చదువుకున్నా పనికొస్తుంది.

మొదట, ఎంతసేపు అన్నది తేల్చుకోండి

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు బాగా కదిలేలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అందులోనే వారానికి మూడు రోజులైనా గట్టిగా ఆయాసం వచ్చే పని, కండలకీ ఎముకలకీ బలం ఇచ్చే పని ఉండాలన్నారు. గంట అనగానే కంగారు పడకండి, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కకి వస్తుంది. మీ అమ్మాయి రోజూ సైకిల్ తొక్కుకుని బడికి వెళ్ళొస్తుంటే కొంత అక్కడే అయిపోయింది. ఆటల పీరియడ్‌లో నిజంగా ఆడనిస్తే ఇంకో అరగంట. మిగిలింది సాయంత్రం చూసుకోవచ్చు.

ఒళ్ళు కదలడం అంటే ఎంత అని అడుగుతారు. మాట్లాడగలగాలి గానీ పాట పాడటం కష్టమవ్వాలి, అది మధ్యరకం. నాలుగు మాటలు అనేసరికి ఊపిరి అందక ఆగాల్సి వస్తే అది గట్టిది. వాచీలూ యాప్‌లూ ఏమీ అక్కర్లేదు. ఫ్రెండ్ భుజం మీద చెయ్యేసి కబుర్లాడుతూ గ్రౌండ్ చుట్టూ తిరగడం అసలు కదలకపోవడం కంటే నయమే, కాకపోతే దాన్ని ఈ గంటలో కలపకండి.

ఇంట్లో ఒప్పించడం

ఇదే అన్నిటికంటే కష్టం, ఇంట్లో తాతయ్య ఉంటే మరీను. "ఆటలాడి ఏటవుతాడు?" అంటే చాలామంది వెంటనే మెడల్ కబుర్లు ఎత్తుకుంటారు. చెప్పుకోడానికి మన దగ్గర తక్కువేమీ లేవు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న సంగతి తాతయ్యే మీకు చెప్తాడు. ఆమదాలవలస పక్క ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో చిన్న పిల్లల్ని అడిగినా స్నాచ్ (బరువుని నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) అంటే ఏంటో చెప్తారు. ఆ ఊరి మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ముందు కాంస్యం ఇచ్చారు, మొదటి స్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అదే రజతం అయింది.

ఇవన్నీ నిజమే. అయినా ఇంట్లో ఒప్పించడానికి వీటిని వాడొద్దనే అంటాను. మెడల్ ఆశ చూపించి పంపిస్తే ఏడాది తిరిగేసరికి "మరి మెడల్ ఏదీ?" అంటారు, అక్కడితో ఆట ఆగిపోతుంది. రాష్ట్రస్థాయి దాకా వెళ్ళేది ఎక్కడో ఒకరు. ఆట అవసరం మాత్రం క్లాసులో చివరి బెంచీ దాకా అందరికీ ఉంది.

అందుకని చదువు దగ్గర్నుంచే మొదలెట్టండి. బాగా ఆడి వచ్చాక కొంతసేపు పిల్లల ధ్యాస నిలకడగా ఉంటుందని చాలా పరిశోధనల్లో తేలింది. గుండె వేగం పెరిగితే మెదడుకి రక్తం ఎక్కువ అందుతుంది, రోజూ అలవాటైతే జ్ఞాపకశక్తికి సంబంధించిన భాగానికి కూడా మేలు జరుగుతుంది. లెక్కలు, ఫిజిక్స్ లాంటి బుర్ర పెట్టాల్సినవి ఆట నుంచి వచ్చి స్నానం చేశాక తియ్యమని నేను చెప్పేది అందుకే, నిద్ర ముంచుకొచ్చే తొమ్మిదింటికి వాటిని తీస్తే చదివిన లైనే మళ్ళీ చదువుతుంటారు. ఆడిన రోజు రాత్రి నిద్ర కూడా తొందరగా పడుతుంది. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, పగలు చదివింది బుర్రలో కుదురుకునేది ఆ నిద్రలోనే. ఇక ఎముకల్లో ఉండాల్సిన గట్టిదనం చాలావరకు ఇరవై ఏళ్ళ లోపే తయారవుతుంది, దానికి పాలూ గుడ్డూ ఒక్కటే చాలవు, గెంతాలి, పరిగెత్తాలి. పగటి వెలుతురులో ఎక్కువసేపు ఉండే పిల్లలకి కళ్ళజోడు పడే అవకాశం కూడా తగ్గుతుంది. పరీక్షల టెన్షన్ సంగతి మీరే చూస్తారు, అరగంట ఆడి వచ్చిన పిల్లాడి మొహంలోనే తెలిసిపోతుంది.

ఇవేవీ తాతయ్యకి ఎక్కకపోతే చివరి అస్త్రం ఒకటుంది. మన వైపు ఆర్మీకీ, పోలీసు కానిస్టేబుల్‌కీ ప్రయత్నించే కుర్రాళ్ళు ఎంతమందో చూస్తూనే ఉన్నారు కదా. రెండింటికీ 1,600 మీటర్ల పరుగు ఉంది. ఇంటర్ అయ్యేదాకా కుర్చీలోంచి లేవనివాడు నోటిఫికేషన్ వచ్చాక కోచింగ్‌లో చేరి, రెండు నెలల్లో ఆ పరుగు తెచ్చుకోవాలని మోకాళ్ళు పాడు చేసుకుంటాడు. హైస్కూల్ నుంచి రోజూ పరిగెత్తేవాడికి అంత పాటు ఉండదు. ఈ మాటకి ఎదురు చెప్పిన తాతయ్యని నేను ఇంతవరకు చూడలేదు.

గంట ఎక్కడ పెట్టాలి

"చదువయ్యాక ఆట" అన్న రూలు ముందు తీసెయ్యండి, చదువనేది ఎప్పటికీ అవ్వదు. ఆటకి గడియారం చూసి టైం పెట్టాలి. పళ్ళు తోముకోనివ్వడానికి స్లిప్ టెస్టులో ఎన్నొచ్చాయని అడగం కదా, దీనికీ అడగొద్దు. మార్కులు తగ్గాయని ఆట మాన్పించడం చాలా ఇళ్ళలో మొదటి శిక్ష. దాంతో మార్కులు పెరగవు సరే, పిల్లాడు ఇంట్లో కూర్చుని ఫోన్ వెతుక్కుంటాడు.

బడి నాలుగింటికి వదిలేస్తే ఇలా పెట్టుకోవచ్చు: ఇంటికొచ్చి ఏదైనా తిని పావుతక్కువ ఐదుకి గ్రౌండ్, పావుతక్కువ ఆరుకి ఇల్లు, స్నానం, ఆరుంపావు నుంచి పుస్తకం, ఎనిమిదికి భోజనం, ఇంకో గంట చదువు, తొమ్మిదిన్నర, పది మధ్య పడక. ఆరు దాకా స్టడీ అవర్ ఉండే బడుల పిల్లలకి పొద్దున్నే దిక్కు. పొద్దున ఐదున్నరకి లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకి పడుకోవాలి. ఆ ఒక్కటి కుదరకపోతే పొద్దుటి ఆట జోలికి పోకండి, నిద్ర చంపుకుని చేసే వ్యాయామం నాలుగు రోజులకి మించి సాగదు.

పొద్దున పంపేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆర్మీకి ప్రాక్టీసు చేసే అన్నలు రోడ్డు మీద పరిగెడుతుంటే చీకట్లో వాళ్ళ వెనకాల వెళ్ళే చిన్నపిల్లలు ఉంటారు. హైవే మీదకి అసలు పంపకండి, సర్వీసు రోడ్డైనా సరే. బడి గ్రౌండ్, ఊరి చెరువు గట్టు, కోసేసిన చేను ఏదైనా పర్లేదు. తప్పనిసరిగా రోడ్డు మీదే అయితే తెల్లారాక వెళ్ళాలి, లేత రంగు చొక్కా వేసుకోవాలి, ఎదురొచ్చే బళ్ళు కనిపించేలా కుడి పక్కన పరిగెత్తాలి.

ఫిబ్రవరి, మార్చి వచ్చాక గంటని అరగంట చేసుకోండి, సున్నా చెయ్యకండి. పబ్లిక్ పరీక్షలు ఇంకో రెండు వారాలుండగా కబడ్డీ లాంటి మీద పడే ఆటలు ఆపి పరుగు, స్కిప్పింగ్, షటిల్‌తో సరిపెట్టుకుంటే మంచిది. కుడి చేతి మణికట్టు విరిగిన పిల్లాడికి పరీక్ష రాయడానికి ఇంకొకర్ని పెట్టించే తిప్పలు మీకెందుకు?

మొదలుపెట్టే ముందు ఒకసారి కొలవండి

చిన్నప్పటి నుంచి ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, పరిగెడితే కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు, ఛాతీలో నొప్పి అనేవాళ్ళు ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. ఉబ్బసం ఉన్నా ఆడొచ్చు, ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, అది పిల్లాడి జేబులో ఉందని మాస్టారికి కూడా తెలియాలి.

తర్వాత కొలత. 9 ఏళ్ళు దాటిన బడి పిల్లలకి కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియా కింద పెట్టిన పరీక్షలు ఇంటి దగ్గర కూడా చేసుకోవచ్చు: ఎత్తు, బరువు, 50 మీటర్ల పరుగు, 600 మీటర్లు పరుగో నడకో, కూర్చుని కాళ్ళు చాపి ముందుకి వంగడం, అర నిమిషంలో ఎన్ని కర్ల్-అప్‌లు (వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి తల, భుజాలు పైకి లేపడం), ఎన్ని పుషప్‌లు, అమ్మాయిలకైతే మోకాళ్ళు ఆనించి చేసే పుషప్‌లు. ట్రాక్ లేదని ఆగిపోకండి. టైలర్ టేపు మీటరున్నర ఉంటుంది, దాంతో కొలిచి ఒక నైలాన్ తాడుకి సరిగ్గా 10 మీటర్ల దగ్గర ముడెయ్యండి. ఆ తాడు ఐదుసార్లు పరిస్తే 50 మీటర్లు. 600కి ఒక చిట్కా ఉంది: తాడుతోనే ఒక్కో వైపు 25 మీటర్లు ఉండేలా నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెడితే ఒక చుట్టు వంద మీటర్లు, ఆరు చుట్లు తిరిగితే సరిపోయింది. ఇటుకల లోపలి నుంచి అడ్డంగా వచ్చేసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు కాబట్టి మూలకో పిల్లాణ్ణి నిలబెట్టండి.

వచ్చిన టైం నోట్‌బుక్ చివరి పేజీలో తేదీ వేసి రాయించండి. మూడు నెలలకోసారి మళ్ళీ. పక్కింటి పిల్లాడి టైంతో పోల్చడం మొదలెట్టారంటే మొత్తం చెడింది, వాడి పాత టైంతోనే వాడికి పోటీ.

మొదటి నెల ఏం చేయించాలి

గ్రౌండ్‌లో అడుగు పెట్టగానే పరుగు పెట్టించొద్దు. ముందు పిల్లలందర్నీ ఒక వరసలో నిలబెట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి కింద చూసుకుంటూ నడిపించండి. పల్లేరు కాయలు, సీసా పెంకులు, రాళ్ళు ఎవరికి దొరికితే వాళ్ళు ఏరి బస్తాలో వెయ్యాలి. వానాకాలం తర్వాత మన గ్రౌండ్‌లలో పల్లేరు ఎలా పాకుతుందో తెలిసిందే. ఈ పని రోజూ రెండు నిమిషాలు చేస్తే కాళ్ళకి సగం దెబ్బలు తప్పుతాయి. మట్టిలో, ఇసకలో ఒట్టి కాళ్ళతో పరిగెత్తినా పర్లేదు, తారు రోడ్డు మీదైతే బూట్లు ఉండాలి. యూనిఫాం మీద వేసుకునే నల్ల బూట్లు పరుగుకి పనికిరావు, మడమలు ఒరుసుకుపోతాయి. ఖరీదైన బ్రాండు అక్కర్లేదు, కాలికి సరిపోయే కాన్వాస్ బూట్లు చాలు.

ఆ తర్వాత పది నిమిషాల వార్మప్. వేగంగా నడక, చేతులు భుజాలు తిప్పడం, నడుము, మోకాళ్ళు, చీలమండలు, ఆఖర్న మెల్లగా జాగింగ్. మొదటి వారం ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, ఇలా ఆరుసార్లు. మిగిలిన టైంలో వాళ్ళకి నచ్చిన ఆట. మూడో రోజు "తొడలు పట్టేశాయి, రాను" అంటారు. అది మామూలు నొప్పే, ఆ రోజు నడక మాత్రం చేయించండి గానీ ఇంట్లో మాత్రం కూర్చోబెట్టకండి. రెండో వారం లెక్క తిరగెయ్యండి: రెండు నిమిషాలు జాగింగ్, ఒక నిమిషం నడక. మూడో వారం నుంచి రోజు విడిచి రోజు గుంజీలు, గోడకి చేతులు ఆనించి పుషప్‌లు, స్కిప్పింగ్ కలపండి. నాలుగో వారానికి చాలామంది ఆగకుండా పది నిమిషాలు మెల్లగా పరిగెత్తగలుగుతారు. కొంతమందికి ఆరు వారాలు పడుతుంది, తొందరేమీ లేదు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్తాను. హోంవర్క్ చెయ్యలేదని గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టించే అలవాటు కొన్ని బడుల్లో ఇంకా ఉంది. పరుగుని శిక్ష చేశాక పిల్లలు పరుగుని ఇష్టపడమంటే ఎలా ఇష్టపడతారు? మీ బడిలో అలా ఉంటే పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి.

వాన పడితే ఆ రోజు వరండాలో స్కిప్పింగ్, సూర్య నమస్కారాలు. ఉరుము వినిపించిందంటే గ్రౌండ్ వెంటనే ఖాళీ చెయ్యాలి, చెట్టు కింద నిలబడకూడదు, ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్ళీ దిగకూడదు. మన వైపు పిడుగులు పొలాల్లో ఎంతమందిని తీసుకుపోతాయో ఏటా చూస్తున్నాం.

ఏ ఆట?

అన్నీ ఆడనివ్వండి. ఆరు, ఏడు తరగతుల్లోనే "నువ్వు క్రికెటరే" అని ఒక దానికి కట్టెయ్యడం తొందరపాటు. మన ఊళ్ళలో ఖర్చు లేకుండా దొరికేవి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగులు. క్రికెట్‌తో నాకు పేచీ ఏమీ లేదు, ఒక్కటే ఇబ్బంది: ఇద్దరు ఆడుతుంటే మిగిలిన పిల్లలు నిలబడి చూస్తుంటారు, గంట గడిచినా ఒళ్ళు కదిలేది పది నిమిషాలే. ఖోఖోలో ఆ బాధ లేదు.

కబడ్డీ కోర్టు అమ్మాయిలకి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, పెద్ద అబ్బాయిలకి 13, 10. ఇందాకటి ముడేసిన తాడే ఇక్కడా పనికొస్తుంది. గీతలకి ముగ్గు పిండి వాడండి. తడి సున్నం, బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్ళున్నారు, అవి కళ్ళలో పడితే చూపుకే ప్రమాదం, కబడ్డీలో మొహం నేలకి తగలని రోజు ఉండదు.

బరువులెత్తితే ఎత్తు పెరగరన్న భయం మన దగ్గర బాగా ఉంది. సరైన పద్ధతి నేర్పే కోచ్ దగ్గర, వయసుకి తగ్గ బరువుతో చేస్తే పెరుగుదల ఆగదు. మంచి కోచ్ మొదట చాలా రోజులు కర్రతోనో ఖాళీ రాడ్డుతోనో పద్ధతి నేర్పిస్తాడు. మొదటి వారమే ప్లేట్లు ఎక్కించి వీడియో తీసే జిమ్ అయితే అక్కడి నుంచి వచ్చెయ్యండి.

అమ్మాయిల సంగతి

ఎనిమిదో తరగతి దాటాక గ్రౌండ్‌లో అమ్మాయిలు ఒక్కొక్కరే తగ్గిపోతారు. ఇష్టం లేక తగ్గేవాళ్ళు తక్కువ. బట్టలు మార్చుకోడానికి గది ఉండదు, గోడ మీద కుర్రాళ్ళు కూర్చుని చూస్తుంటారు, చీకటి పడేలోపు ఇంటికి చేరాలి, ఇంట్లో పని ఉంటుంది. అమ్మలు చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. వదులు టీషర్ట్, ట్రాక్ ప్యాంట్ కొనివ్వండి, చున్నీతో పరిగెత్తడం కుదరదు. ఒక్కర్తినే పంపకుండా వీధిలో నలుగురైదుగురు కలిసి వెళ్ళి కలిసి వచ్చేలా చూడండి. ఆ గంట ఇంటి పని అన్నదమ్ములకి అప్పజెప్పండి, వాళ్ళ ఒళ్ళూ కదులుతుంది. నెలసరి రోజుల్లో ఆడకూడదన్న నియమం వైద్యంలో ఎక్కడా లేదు, ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, కొందరికి కడుపు నొప్పి తగ్గుతుంది కూడా.

మెట్లెక్కితేనే ఆయాసం, ఎప్పుడూ నీరసం, కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే రక్తహీనత అనుమానించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర చాలామంది పిల్లలు బల్ల కింద పడేస్తారు, అడగండి. భోజనం అయ్యాక వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు.

తిండి, నీళ్ళు, ఎండ

బలానికని అమ్మే పొడి డబ్బాలు కొనకండి. గ్రౌండ్‌కి వెళ్ళే ముందు ఒక అరటిపండో, ఉడకబెట్టిన వేరుశనగ కాయలో, చిలగడదుంపో చాలు. వచ్చాక చోడి అంబలి, మజ్జిగ, గుడ్డు, రాత్రి పప్పన్నం. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, చిక్కీ తినకుండా పారేసి వచ్చి బయట నూడుల్స్ తినే పిల్లలున్నారు, అది ఒకసారి కనుక్కోండి. కడుపు నిండా తిన్న గంటన్నర దాకా పరిగెత్తించొద్దు.

నీళ్ళ సీసా ఎవరిది వాళ్ళకి ఉండాలి, ప్రతి పావుగంటకి నాలుగు గుక్కలు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఐదు తర్వాతే ఆట. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉక్కకి చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు, ఎండ లేకపోయినా వడదెబ్బ తగలొచ్చు. బాగా చెమట పట్టిన రోజు ఉప్పేసిన మజ్జిగ, లేదంటే లీటరు నీళ్ళలో ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి ఇవ్వండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి సమంగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతోనే. పిల్లాడు తలనొప్పి, వాంతి అన్నా, తికమకగా మాట్లాడినా వెంటనే నీడలోకి తీసుకెళ్ళి బట్టలు తడిపి విసరండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఉద్దానం వాళ్ళు, అంటే కవిటి, కంచిలి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపు వాళ్ళు దీన్ని రెండుసార్లు చదవండి. ఒళ్ళు నొప్పులని ఆట తర్వాత మెడికల్ షాపులో నొప్పి బిళ్ళ కొనిచ్చే అలవాటు మానెయ్యండి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి, అందులోనూ ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు, కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. కిడ్నీ జబ్బుతో ఇన్ని ఇళ్ళు నలిగిన చోట పద్నాలుగేళ్ళ పిల్లలకి డాక్టర్ చెప్పకుండా అవి ఇవ్వడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆడి వచ్చిన నొప్పికి నిద్ర, నీళ్ళు, గోరువెచ్చటి స్నానం చాలు.

దెబ్బ తగిలితే

కాలు బెణికితే మొదటి రెండు రోజులు ఎవరి చేతా లాగించొద్దు, తోమించొద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు, క్రేప్ బ్యాండేజీ, కాలు దిండు మీద ఎత్తుగా. ఆ కాలి మీద నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. పసరు కట్టు కట్టించి నెల తర్వాత ఆస్పత్రికి వస్తే విరిగిన ఎముక వంకరగా అతుక్కుని ఉంటుంది. తలకి దెబ్బ తగిలితే ఆ రోజు ఆట అయిపోయినట్టే, బాగానే ఉన్నానన్నా సరే మళ్ళీ దించకూడదు. వాంతి, మత్తు, మాట తడబడటం కనిపిస్తే ఆస్పత్రికి. పన్ను ఊడిపోతే వేరు పట్టుకోకుండా పాలలో వేసి వీలైనంత తొందరగా పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, తిరిగి అతికే అవకాశం ఉంటుంది.

బడిలో ఏం అడగాలి

టైంటేబుల్ ఫొటో తీసుకుని ఆటల పీరియడ్లు ఎన్ని ఉన్నాయో చూడండి, ఆ పీరియడ్‌లో ఏం జరుగుతోందో పిల్లల్ని అడగండి. చాలాచోట్ల సిలబస్ అవ్వలేదని లెక్కల మాస్టారు తీసేసుకుంటారు. పీఈటీ మాస్టారు దగ్గర కాదనే ధైర్యం ఉండదు, అడగాల్సింది హెడ్మాస్టర్‌ని, అదీ నలుగురు కలిసి వెళ్ళి. ప్రైవేటు బడిలో చేర్చే ముందు ల్యాబ్ చూపించినట్టే గ్రౌండ్ కూడా చూపించమనండి. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూల్‌లో బడికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలం కూడా ఉంది. "మేడ మీద ఆడిస్తాం" అంటే ఏం ఆడిస్తారో, వారానికెన్నిసార్లో అడిగి తెలుసుకోండి.

పోటీలకి వెళ్ళాలనుకుంటే

బాగా ఆడే పిల్లలకి దారి స్కూల్ గేమ్స్ ద్వారానే. హైస్కూల్లో అండర్-14, అండర్-17 విభాగాలు, ఇంటర్‌కి వెళ్ళాక అండర్-19 ఉంటుంది. మండలం నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం, అక్కడి నుంచి జాతీయ స్థాయి. తేదీలు పీఈటీ మాస్టారికి ముందు తెలుస్తాయి, కొన్నిసార్లు రెండు రోజుల ముందే తెలుస్తాయి, అందుకని జూలైలోనే ఆయనకి మీ అమ్మాయి ఏ ఆటకి వస్తుందో చెప్పి ఉంచండి.

కాగితాలు ఒక ఫైల్లో పెట్టండి: పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్ జిరాక్స్, స్టడీ సర్టిఫికెట్, హెడ్మాస్టర్ సంతకం, స్టాంపు ఉన్న ఎంట్రీ ఫారం, నాలుగు ఫొటోలు. మూడు చోట్లా పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో ముందే సరిచూసుకోండి, ఆధార్‌లో తేదీ తేడా ఉండి ఆట కోర్టు దాకా వచ్చి వెనక్కి వెళ్ళే పిల్లలు ప్రతి సీజన్‌లో కనిపిస్తారు. సెలక్షన్‌కి ముందు రోజు కొత్త బూట్లు కొనివ్వకండి, పాతవే తొడగండి. పొద్దున రెండు ఇడ్లీలు పెట్టండి, పూరీ వద్దు. నీళ్ళ సీసా, టవల్, ఇంకో జత బట్టలు. పాల్గొన్న ప్రతి పోటీకి సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, స్పోర్ట్స్ కోటా సీట్లకీ ఉద్యోగాలకీ ఏ స్థాయి కాగితం ఎప్పుడు అడుగుతారో చెప్పలేం. ఎవరడిగినా జిరాక్సే ఇవ్వండి, ఒరిజినల్ చూపించి వెనక్కి తెచ్చుకోండి.